రాత్రి నిద్రకు ముందు నిమ్మగడ్డి-తులసి కషాయం ఎలా కాచుకోవాలి?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం వైపు తెలుగిళ్లలో చలికాలం వస్తే రాత్రి భోజనం తర్వాత కూడా ఒక టీ పడుతుంది. టీలో ఉండే, నిద్రను చెడగొట్టే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. కాబట్టి సాయంత్రం 4 దాటాక టీ, కాఫీ ఆపేయాలి. లేకపోతే ఏ కషాయం తాగినా దండగే. గ్రీన్ టీ కూడా తేయాకే, దాన్నీ ఆపాలి.

ఇద్దరికి కావలసినవి: నీళ్లు 400 మి.లీ., పొడవాటి నిమ్మగడ్డి ఆకులు 4, తులసి ఆకులు 12, సోంపు అర చెంచా (ఒడియా కొట్లలో పానమధురి అని అడగండి). కొండ దారుల్లో నిమ్మగడ్డిలా కనిపించే గడ్డి చాలా ఉంటుంది. నలిపితే నిమ్మవాసన గుప్పున రాకపోతే వాడొద్దు.

1. నిమ్మగడ్డి అంచులు చెయ్యి కోస్తాయి. మొదలు నుంచి కొన వైపుకే తుడుస్తూ కడగండి. ఆకులన్నీ కలిపి ముడి వేస్తే పీచు కషాయంలో తేలదు.

2. నీళ్లు మరిగాక ఆ ముడి, కచ్చాపచ్చాగా దంచిన సోంపు వేసి, సన్నమంట మీద 5 నిమిషాలు ఉంచండి.

3. పొయ్యి ఆపాకే తులసి తుంచి వేసి, వెంటనే మూత పెట్టి 7 నిమిషాలు వదిలేయండి. అసలు కిటుకంతా ఈ మూతలోనే ఉంది. వాసననిచ్చే నూనెలు ఆవిరితో ఎగిరిపోతాయి. మూతకు పట్టిన నీటి బొట్లను కూడా గిన్నెలోకే జార్చండి.

4. వడకట్టి, పడుకునే గంట ముందు చిన్న గ్లాసుడు (150 మి.లీ.) తాగండి. పక్క ఎక్కే ముందు పెద్ద గ్లాసు తాగితే అర్ధరాత్రి మూత్రానికి లేవాల్సి వస్తుంది.

వగరుగా ఉందంటే తులసి మరిగిందన్నమాట. వాసన లేకపోతే ఆకు పాతది. ఇది నిద్రమాత్ర కాదు. వెచ్చగా, నెమ్మదిగా తాగుతూ ఒంటిని విశ్రాంతికి సిద్ధం చేసుకోవడమే దీని మేలు.

చామొమైల్ (చామంతిని పోలిన ఒక విదేశీ పువ్వు) టీ కావాలంటే ప్యాకెట్ కొనండి. దండల్లో కట్టే చామంతి అది కాదు, పైగా ఆ పూలకు పురుగుమందులు కొట్టి ఉండొచ్చు. చామంతి పడనివాళ్లు చామొమైల్ జోలికీ వెళ్లొద్దు, రెండూ ఒకే కుటుంబం. గర్భిణులు, రక్తం పలచబడే మందులో నిద్రమాత్రలో వాడేవాళ్లు ఏ మూలికా టీ అయినా డాక్టర్‌ని అడిగాకే తాగాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే కషాయాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

వానాకాలానికి నిమ్మగడ్డి దాచాలంటే వానలు పట్టకముందే నీడలో ఆరబెట్టండి. ఎండలో వేస్తే వాసన పోతుంది. విరిస్తే పుటుక్కున విరగాలి. వంగిందంటే తడి ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది. బూజు కనిపిస్తే బాగున్నవి ఏరుకోకుండా డబ్బా మొత్తం పారబోయండి.