అమెరికా వచ్చే అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా: ముందు మందుల డబ్బా తెరవండి

అమ్మానాన్నలను అమెరికా తెచ్చుకునేవారు బీమా గురించి మొదట అడిగేది నెలకు ఎంత కట్టాలనే. నేనూ అదే అడిగాను. నాన్నకు అప్పటికి డెబ్బై ఒకటి. బీపీ, షుగరు ఉన్నాయి. విజిటర్ వీసా మీద వస్తున్నారు కదా, ఆరు నెలలే కదా అని అన్నింటికంటే చవకైన పాలసీ తీసుకున్నాను. వచ్చిన నెలన్నరకు ఒక రాత్రి ఛాతీలో బరువుగా ఉందన్నారు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. దేవుడి దయవల్ల గుండెకు ఏమీ కాలేదు, మర్నాడు సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. తర్వాత బిల్లులు మొదలయ్యాయి. ఆసుపత్రిది ఒకటి, డాక్టరుది ఒకటి, స్కానింగ్ చూసినవారిది మరొకటి, ఒకదాని వెనక ఒకటి రెండు నెలల పాటు వచ్చాయి. మా పాలసీ ఒక్కో సేవకు ముందే రాసిపెట్టిన కొద్ది మొత్తమే ఇచ్చింది. మిగిలింది తీర్చడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. బిల్లు కంటే ఎక్కువగా బాధించింది నాన్న మాట: "నేను రాకుండా ఉండాల్సింది." ఏ తండ్రీ ఆ మాట అనుకోకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసి వచ్చినవారికి కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకోవడం అలవాటు. ఇక్కడ ఆ దారి దాదాపు లేదు. కంపెనీ బీమా మీకు, మీ జీవిత భాగస్వామికి, 26 ఏళ్లలోపు పిల్లలకు, అంతవరకే. కాబట్టి అమ్మానాన్నలకు వేరే పాలసీ చూడాలి. ఏ పాలసీలు దొరుకుతాయన్నది వారు ఏ వీసా మీద వస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

చూసి వెళ్లడానికి వస్తుంటే

విజిటర్ పాలసీలు రెండు రకాలు. మొదటిది మేము తీసుకున్నది: డాక్టరును చూస్తే ఇంత, ఆసుపత్రిలో రోజుకు ఇంత అని పట్టిక ఉంటుంది, అసలు ఖర్చు ఎంతైనా ఇచ్చేది అంతే. రెండోదాన్ని కాంప్రెహెన్సివ్ అంటారు. డిడక్టబుల్, అంటే బీమా వర్తించే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం, మనం కట్టాక, మిగిలిన ఖర్చులో ఎక్కువ భాగం పాలసీ గరిష్ఠ పరిమితి దాకా వాళ్లు భరిస్తారు. వెల ఎక్కువే. అయినా అరవై దాటినవారికి మొదటి రకం కొనవద్దని గట్టిగా చెబుతాను. పట్టికలో రాసిన మొత్తానికీ ఇక్కడి ఆసుపత్రి ధరకూ పొంతన ఉండదు.

పాలసీ పత్రంలో ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి రాసిన పేరా దొరికేదాకా వెతికి చదవండి. బీపీ, షుగరు ఉన్నవారికి ఆ ఒక్క పేరానే అసలు పాలసీ. చాలా వాటిలో ఆ జబ్బు హఠాత్తుగా, ముందస్తు సూచన లేకుండా ముదిరి, సాధారణంగా 24 గంటల్లోపు చికిత్సకు వెళితేనే డబ్బు ఇస్తారు. మెల్లగా పెరుగుతూ వచ్చినదానికి ఇవ్వరు. మామూలు షుగరు పరీక్షకు, మందుల చీటీ తిరగరాయించుకోవడానికి అసలే ఇవ్వరు. డెబ్బై, ఎనభై దాటితే గరిష్ఠ పరిమితి కూడా తగ్గిపోతుంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె మీ నాన్న వయసుకు వర్తించకపోవచ్చు. అందుకే పరీక్షలు, పంటి పనులు, కళ్లజోడు అన్నీ ఊళ్లోనే చేయించుకుని, మందులు చీటీతో సహా తెచ్చుకోమనండి.

గ్రీన్‌కార్డు మీద వస్తుంటే

ఇక్కడ పరిస్థితి చాలా మెరుగు, కానీ గడువు చిన్నది. గ్రీన్‌కార్డు హోదా వచ్చిన 60 రోజుల్లోపు ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఆరోగ్య పాలసీలు పోల్చి కొనుక్కునే ప్రభుత్వ వేదికలో, పాలసీ తీసుకోవచ్చు. ఆ గడువు దాటితే మళ్లీ సంవత్సరాంతంలో జరిగే నమోదు వరకు ఆగాలి. మార్కెట్‌ప్లేస్ పాలసీల్లో పాత జబ్బు ఉందని కాదనడానికి వీల్లేదు, దాని పేరు చెప్పి ఎక్కువ వసూలు చేయడానికీ వీల్లేదు. 2010 చట్టం కింద 2014 నుంచి అమల్లో ఉన్న హక్కు ఇది. వయసును బట్టి మాత్రం చాలా రాష్ట్రాల్లో 21 ఏళ్లవారి ప్రీమియానికి మూడు రెట్ల వరకు తీసుకోవచ్చు. పాలసీ సాధారణంగా ఎంచుకున్న మరుసటి నెల 1వ తేదీ నుంచి మొదలవుతుంది. విమానం దిగిన రోజు నుంచి అప్పటిదాకా ఒక చిన్న విజిటర్ పాలసీ ఉంచండి.

రాయితీ విషయంలో పాత సలహాలు నమ్మవద్దు. గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు నిండనివారికి, ఆదాయం దాదాపు లేకపోయినా, ప్రీమియంలో రాయితీ దొరికేది. 2025లో వచ్చిన చట్టంతో 2026 నుంచి పేదరిక రేఖకు దిగువన ఉన్న అలాంటివారికి అది ఆగిపోయింది. మీ పన్ను పత్రాల్లో అమ్మానాన్నలను మీ మీద ఆధారపడినవారిగా చూపిస్తే లెక్కలోకి వచ్చేది మీ ఇంటి ఆదాయం. కాబట్టి పాలసీ ఎంచుకునే ముందు మీ పన్ను లెక్కలు చూసేవారితో ఒకసారి కూర్చోండి. కొన్ని రాష్ట్రాలు సొంత నిధులతో అదనపు సాయం చేస్తాయి, మీ రాష్ట్రంలో ఉందేమో అడగండి.

ఇక మందుల డబ్బా. మా నాన్న మందులు ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ఒక ఆదివారం వాటన్నింటినీ భోజనాల బల్ల మీద పరిచి, ఒక్కో స్ట్రిప్పు వెనక్కి తిప్పి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు కాగితం మీద రాశాం. గ్లైకోమెట్ అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు, మెట్‌ఫార్మిన్ అంటే తెలుస్తుంది. డోలో అంటే పారాసిటమాల్, దాన్నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. నాన్న వాడే రెండు షుగరు మందులు, విల్డాగ్లిప్టిన్, గ్లిక్లజైడ్, అమెరికాలో అసలు అమ్మరు. మన దగ్గర ఎందరో వాడే టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్ కూడా అంతే. అంటే ఇక్కడి డాక్టరు మందులు మార్చక తప్పదు. మారిన మందు కుదురుకునేదాకా నాలుగైదు సార్లు వెళ్లాలి, రక్తపరీక్షలు ఉంటాయి. అందుకే మా కుటుంబానికి ప్రీమియం తక్కువగా ఉండి డిడక్టబుల్ భారీగా ఉన్న బ్రాంజ్ పాలసీ పనికిరాదని ఆ బల్ల దగ్గరే తేలిపోయింది. మీరూ ఆ జాబితాను ఒక్కో పాలసీ మందుల పట్టికతో పోల్చి చూడండి. తర్వాత ఇంటికి దగ్గరలో, వీలైతే తెలుగు వచ్చిన డాక్టరు ఎవరైనా ఆ పాలసీ నెట్‌వర్క్‌లో, అంటే దానితో ఒప్పందం ఉన్న డాక్టర్లలో, ఉన్నారేమో ఫోను చేసి అడగండి. వెబ్‌సైటులోని జాబితాలు పాతబడి ఉంటాయి.

మెడికేర్

మెడికేర్ అంటే ముఖ్యంగా 65 నిండినవారికి ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా. "ఇరవై ఏళ్లుగా మెడికేర్ పన్ను కడుతున్నాను, మా నాన్నకు రాదా?" అని నన్ను చాలామంది అడిగారు. పిల్లలు కట్టిన పన్ను లెక్కలోకి రాదు. వారో, వారి జీవిత భాగస్వామో అమెరికాలో సుమారు పదేళ్లు పనిచేసి పన్ను కట్టి ఉంటేనే ఆసుపత్రి భాగమైన పార్ట్ ఏ ఉచితం. లేకపోతే 65 నిండి, గ్రీన్‌కార్డుతో అయిదేళ్లు ఎడతెగకుండా ఇక్కడ నివసించాక డబ్బు కట్టి చేరవచ్చు. 2026లో అది పార్ట్ ఏకు నెలకు 565 డాలర్లు, డాక్టర్ల భాగమైన పార్ట్ బీకి 202.90 డాలర్లు. అంటే ఒక్కరికి దాదాపు 768, ఇద్దరికి 1,536. మందుల భాగం, పార్ట్ డీ, ఇంకా విడిగా.

పార్ట్ ఏకు డబ్బు కట్టాల్సినవారు మెడికేర్‌లో చేరకుండా మార్కెట్‌ప్లేస్ పాలసీలోనే కొనసాగవచ్చు. రెండు లెక్కలూ వేసి చూడండి. కాకపోతే అర్హత వచ్చాక ఆలస్యంగా చేరితే పార్ట్ బీ ప్రీమియం ప్రతి పూర్తి ఏడాది జాప్యానికి 10 శాతం చొప్పున పెరుగుతుంది, ఆ పెంపు పార్ట్ బీ ఉన్నంతకాలం ఉంటుంది.

చేరేవారి ముందు మళ్లీ రెండు దారులు. ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ పాలసీల్లో ప్రీమియం తక్కువ, పళ్లకూ కళ్లకూ కొంత ఇస్తారు, కానీ నెట్‌వర్క్ కట్టుబాటు ఉంటుంది. ప్రభుత్వమే నేరుగా నడిపే అసలు మెడికేర్‌లో దాన్ని అంగీకరించే ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లవచ్చు. అయితే డాక్టరు ఖర్చులో 80 శాతమే వస్తుంది, మన వాటాకు పై పరిమితి లేదు. ఆ లోటు పూడ్చడానికి మెడిగ్యాప్ పాలసీ ఉంది. 65 దాటి పార్ట్ బీ మొదలైన ఆరు నెలల్లోపు అడిగితే జబ్బుల ప్రస్తావన లేకుండా ఇవ్వాల్సిందే. ఆ ఆరు నెలలు జారిపోతే చాలా రాష్ట్రాల్లో కాదనే హక్కు కంపెనీకి వస్తుంది.

చలికాలం రాగానే ఊరికి వెళ్లిపోయే పెద్దలకు అడ్వాంటేజ్ కుదరదని నా అభిప్రాయం. సేవా ప్రాంతం బయట ఆరు నెలలకు మించి ఉంటే సాధారణంగా అందులోంచి తీసేస్తారు. అసలు మెడికేర్ కూడా విజయవాడలోనో వరంగల్లోనో అయిన ఖర్చుకు ఒక్క డాలరు ఇవ్వదు. కొన్ని మెడిగ్యాప్ పాలసీలు మాత్రం ప్రయాణం మొదటి 60 రోజుల్లో వచ్చే అత్యవసర చికిత్సకు, 250 డాలర్లు మనం భరించాక, 80 శాతం ఇస్తాయి. జీవితకాలానికి 50,000 డాలర్లు దాటకుండా. కాబట్టి ఇండియాలోని ఆరోగ్య పాలసీని రద్దు చేయవద్దు. ఒకసారి ఆగిపోతే పాత జబ్బులకు వేచి ఉండే కాలం మళ్లీ మొదటినుంచి, మూడేళ్ల వరకు, లెక్కించవచ్చు. ప్రీమియం గడువు మీ ఫోనులో గుర్తుపెట్టుకోండి, ఊళ్లో ఉన్న తమ్ముడి మీద వదిలేయవద్దు.

వాట్సాప్ గుంపుల్లో "అన్నీ వర్తిస్తాయి" అంటూ పాలసీ అమ్మేవారిని ఒక్కటే అడగండి: పూర్తి పాలసీ పత్రం పంపుతారా? రెండు పేజీల ప్రకటన పత్రం మాత్రమే పంపితే అక్కడితో ఆపేయండి. మెడికేర్ విషయంలో ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కేంద్రం ఉంటుంది. వారు ఏ పాలసీనీ అమ్మరు.

బీమా ఉన్నా లేకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా మాట తడబడినా ఆగకుండా 911కు ఫోను చేయండి. 1986 నాటి చట్టం ప్రకారం మెడికేర్ తీసుకునే ఏ ఆసుపత్రి అత్యవసర విభాగమైనా డబ్బుతో నిమిత్తం లేకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు తర్వాత వస్తుంది. అప్పుడు ఖర్చుల వివరాలతో కూడిన బిల్లు, ఆర్థిక సాయం దరఖాస్తు రెండూ అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు అలాంటి సాయ విధానం ఉండి తీరాలి. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

ఇప్పుడు నాన్న చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంటుంది. ఒకవైపు బీమా కార్డు నకలు, నా ఫోను నంబరు, మందుల అసలు పేర్లు, మోతాదులు. రెండోవైపు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో, తనకు తెలుగు దుబాసీ కావాలని. ఆసుపత్రులు ఫోనులోనైనా ఉచితంగా ఏర్పాటు చేస్తాయి. మొన్న కొత్త డాక్టరు దగ్గర నాన్న ఆ కాగితం తానే తీసి ఇచ్చారు. నేను ఆఫీసులో ఉన్నాను.