ఇంటి మిషన్ మన చేతులతోనే – 3వ పాఠం: షటిల్ విప్పి తుడవడం

పోయిన పాఠంలో కుట్టుమిషన్‌కి సూది మార్చాం. కొత్త సూది వేసినా కుట్టు వదిలేస్తోంది, కింద దారం ఉండలు కడుతోంది అనగానే చాలామంది చెయ్యి నేరుగా టెన్షన్ స్క్రూ (దారం బిగువు మార్చేది) మీదకి పోతుంది. ఆగండి. ముందు ఫుట్ (గుడ్డని నొక్కిపట్టే పాదం) పైకెత్తి, పై దారం తీసేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించండి, ఎందుకంటే ఫుట్ దించి ఉన్నప్పుడు టెన్షన్ బిళ్ళలు బిగిసి ఉంటాయి, దారం వాటి మధ్యకి సరిగ్గా దిగదు. అప్పటికీ కుదరకపోతే షటిల్, అంటే సూది కింద తిరుగుతూ పై దారాన్ని కింద దారంతో కలిపే ముక్క, విప్పాల్సిందే. లోపల చెత్త ఉండగా స్క్రూ తిప్పారనుకోండి, రేపు చెత్త తీశాక ఆ తిప్పుడే తప్పవుతుంది, ఇక అసలు లోపం ఎక్కడుందో మీకే తెలీదు.

ఇది మన ఇళ్ళలో ఉండే నల్ల కాలిమిషన్ గురించి. మోటారు పెట్టించుకుని ఉంటే ప్లగ్గు తీసేయండి, లేకపోతే చక్రం మీంచి బెల్టు జార్చేయండి. వేళ్ళు లోపలుండగా కాలు తగిలితే సూది దిగిపోతుంది.

చక్రాన్ని మనవైపుకి తిప్పి సూదిని పూర్తిగా పైకి తెచ్చి ఆపండి. జారుడు పలక తెరిచి బాబిన్ కేసు (కింద దారం చుట్ట ఉండే చిన్న డబ్బీ) తీయండి. దాని వెనక గుండ్రటి రింగును పట్టి ఉంచే క్లిప్పులుంటాయి (కొన్నిటికి ఒకటే), వాటిని పక్కకి తిప్పితే రింగు వస్తుంది, తర్వాత మధ్యలో ఉన్న పుల్ల పట్టుకుని లాగితే అర్ధచంద్రంలాంటి షటిల్ చేతిలోకొస్తుంది. విప్పే ప్రతి మెట్టుకీ ఫోన్లో ఫోటో తీసుకోండి, సిగ్గేం లేదు, నేనిప్పటికీ తీస్తాను.

ఇప్పుడు టార్చి వేసి చూడండి. షటిల్ తిరిగే గాడిలో నూగు, పాత నూనె కలిసి నల్లటి మైనంలా పేరుకుని ఉంటుంది. నా మిషన్ మొదటిసారి విప్పినప్పుడు ఆ గాడిలో వడ్లగింజంత ఆకుపచ్చ దారం ముక్క నొక్కుకుపోయి కనిపించింది, అంతకు ముందు దసరాకి కుట్టిన జాకెట్టుది. అన్ని నెలలు టకటకమన్న చప్పుడు దానిదే. పాత టూత్‌బ్రష్‌తో, చివర సన్నగా చెక్కిన పుల్లతో అంతా తీయండి. నోటితో ఊదొద్దు, మన ఊపిరిలో తేమ ఇనుముకి పడదు. సూది కింద పలక స్క్రూలు విప్పి పళ్ళ మధ్య కూడా చూడండి, అక్కడ నూగు గట్టిగా అణిగిపోతే పళ్ళు పైకి లేవవు, గుడ్డ ముందుకి కదలదు.

గాడిలో ఒక్క చుక్క మిషన్ ఆయిల్ చాలు. నీళ్ళలా తేటగా ఉండేదే వాడండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోస్తే కొన్నాళ్ళకి జిగటగా మారి చక్రం బిగుసుకుపోతుంది.

ఇక్కడ ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు మా పిన్ని మిషన్ కూడా నీళ్ళలో ఉండిపోయింది. నీళ్ళు తీశాక కంగారులో చక్రం తిప్పి చూసింది, లోపలి ఒండ్రు ఇసుక కాగితంలా గాడిని గీసేసింది. మునిగిన మిషన్‌ని ముందు తిప్పనే తిప్పొద్దు. మంచినీళ్ళతో బురద కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, పట్టేసిన కీళ్ళకి కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా వదలండి, పొయ్యికి దూరంగా. మర్నాడు తుడిచేసి ప్రతి ఆయిల్ రంధ్రంలో మిషన్ ఆయిల్ వేశాకే మెల్లగా తిప్పండి. మోటారు తడిస్తే మాత్రం మెకానిక్‌కే చూపించాలి.

తిరిగి బిగించేటప్పుడు షటిల్‌ని మధ్య పుల్ల పట్టుకుని పెట్టండి. షటిల్, దాన్ని తిప్పే ముక్క రెండూ కలిసి పూర్తి గుండ్రంగా కనిపించాలి. కనిపించకపోతే బలవంతంగా నొక్కకండి, తీసి మళ్ళీ పెట్టండి. రింగు, క్లిప్పులు, పలక బిగించి, దారం లేకుండా ఒక నిమిషం తొక్కండి. చప్పుడు మారడం మీ చెవికే తెలుస్తుంది.

వెంటనే పట్టుగుడ్డ పెట్టొద్దు. ఫుట్ కింద పాత లుంగీ ముక్క పెట్టి రాత్రికి వదిలేసి, పొద్దున్నే దాని మీదే నాలుగు గీతలు కుట్టండి. నల్ల మరక పడటం ఆగాక అసలు గుడ్డ పెట్టుకోవచ్చు.