కుట్టు నేర్చుకుందాం – 9వ పాఠం: కుర్తీకి పక్క జేబు

పోయిన పాఠంలో సైడ్ కట్ లేని కుర్తీ కత్తిరించి, భుజాలు కలిపి ఆపాం. పక్క కుట్లు అప్పుడే వేయొద్దన్నది ఈ జేబు కోసమే. మగవాళ్ల చొక్కాకి అడక్కుండానే జేబు పెట్టే టైలర్లు, మనం అడిగితే మాత్రం "షేప్ పోతుందమ్మా" అంటారు. ఏమీ పోదు.

లైనింగ్‌కి వాడే పల్చటి కాటన్ తీసుకోండి. 7 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవున నాలుగు ముక్కలు కావాలి, పక్కకి రెండు చొప్పున. ఒక నిలువు అంచుని పై నుంచి 7 అంగుళాల వరకు తిన్నగా ఉంచి, అక్కడి నుంచి అడుగుని గుండ్రంగా గీయండి. మూలలు పలకగా వదిలితే నలుసులన్నీ అక్కడే చేరతాయి.

ఈ వంపు గీసినప్పుడల్లా నాకు లెక్కల క్లాసు గుర్తొస్తుంది. జేబు అరబ్బీ మాట 'జైబ్' నుంచి వచ్చింది. బట్ట మడత, ఎద దగ్గరి చీలిక అని దాని అర్థం. మన గణితంలోని 'జ్యా'కి ఇంకో పేరైన 'జీవా'ని అరబ్బులు 'జీబా' అని రాసుకున్నారు. వాళ్ల రాతలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి తర్వాత దాన్ని 'జైబ్' అని చదివారు. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి తెచ్చినవాళ్లు మడత అనే అర్థంలోనే 'సైనస్' అన్నారు. అదే మన టెన్త్ క్లాసు 'సైన్'! పాకెట్ కథ ఇంత తిరుగుడు కాదు: 'పోక్' అంటే సంచి, పాకెట్ అంటే చిన్న సంచి. నిజంగా సంచే. ఐరోపాలో 17, 18 శతాబ్దాల్లో ఆడవాళ్లు దాన్ని నాడాతో నడుముకు కట్టుకుని, గౌను చీలికలోంచి చెయ్యి పెట్టేవాళ్లు. మన అమ్మమ్మల బొడ్డుసంచి లాంటిదే.

సరే, మిషన్ దగ్గరికి రండి. నడుముకి 2 అంగుళాల కింద గుర్తు పెట్టండి. జేబు ముక్క పై అంచు ఆ గుర్తు దగ్గరికి వచ్చేలా, ముందు భాగం మంచి వైపు మీద పక్క అంచుకి ముక్క తిన్నటి అంచు ఆనించి, పావు అంగుళం లోపలికి కుట్టండి. వెనుక భాగానికీ అంతే. ముక్కలు బయటికి తిప్పి ఇస్త్రీ చేయండి.

ఇప్పుడు రెండు భాగాల మంచి వైపులు కలిపి, చంక నుంచి అర అంగుళం లోపలికి కుట్టుకుంటూ దిగండి. జేబు పై అంచు దాటి అర అంగుళం వచ్చాక ఆగి, రివర్స్ కుట్టు వేయండి. సూది గుడ్డలోనే ఉంచి, పాదం ఎత్తి, గుడ్డ తిప్పండి. జేబు చుట్టూ కుట్టి మళ్లీ పక్క కుట్టు దగ్గరికొచ్చాక ఇలాగే తిప్పి కింది అంచు దాకా పోండి. మొదటి కుట్టు పావు, ఇది అర అంగుళం కాబట్టి లైనింగ్ బయటికి తొంగిచూడదు.

నేను మొదటిసారి తిప్పడం మర్చిపోయి చంక నుంచి అంచు దాకా ఒకే ఊపులో కుట్టేశాను. నోరు మూసుకుపోయిన రెండు సంచులు లోపల వేలాడాయి! విప్పడానికి సాయంత్రం పట్టింది.

కొత్త గుడ్డ మీద పెట్టేముందు పాత దిండు గలీబు మీద ఒక జేబు కుట్టి, ఫోన్ వేసి చూడండి. వచ్చే పాఠంలో చేతులు ఎక్కిద్దాం.