నెమెసిస్ ఓడలో బాయిలర్ డ్యూటీ: నదిలోకి వచ్చాక మంట ఎలా చూసుకోవాలి

జూట్ మిల్లులో బొగ్గు బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాను. పాత యుద్ధ ఓడల గురించి ఏది చదివినా ముందు వెతికేది కింద బొగ్గు వేసేవాడినే.

1841లో చైనాలోని క్యాంటన్ నదిలోకి వెళ్లిన నెమెసిస్‌నే తీసుకుందాం. ఈస్టిండియా కంపెనీ కోసం ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో లెయిర్డ్ అనే ఓడల కంపెనీ వాళ్లు కట్టిన ఇనప ఓడ. పొడవు 184 అడుగులు. 60 హార్స్‌పవర్ ఇంజిన్లు రెండు, పక్కల తెడ్డు చక్రాలు. నీళ్లలో మునిగేది ఆరడుగులే. అది వెళ్లింది చైనా మీద బ్రిటన్ చేసిన నల్లమందు యుద్ధానికి. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ బాధే.

ఆ ఓడలో మీకు స్టోకర్ పని, అంటే బాయిలర్‌లో బొగ్గు వేసే పని దొరికిందనుకోండి. సముద్రంలో మంట ఒకే తీరున మండితే చాలు, నదిలో అలా కుదరదు. పైన ఒకతను సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలోకి విసిరి లోతు చెబుతుంటాడు. తాడుకి 2 ఫాదమ్‌ల (ఫాదమ్ అంటే ఆరడుగులు) దగ్గర రెండు తోలు పట్టీలు, 3 దగ్గర మూడు ఉంటాయి. చీకట్లో తడిమి చూసి చెప్పేయొచ్చు. గుండు అడుగున గుంటలో కొవ్వు కూరతారు. దానికి అంటుకొచ్చింది ఇసుకో బురదో చూస్తారు. లోతు తగ్గిందంటే చాలు, ఇంజిన్ ఆపమంటారు, మరుక్షణం వెనక్కి తిప్పమంటారు.

ఇంజిన్ ఆపినా మంట ఆగదు, ఆవిరి పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి బొగ్గు అర పార చొప్పున, పల్చగా, బొగ్గు మండే ఇనప జాలీ (గ్రేట్) అంతా పరుచుకునేలా విసరండి. ఎక్కడైనా ఖాళీ వదిలితే అక్కణ్ణుంచి చల్లగాలి దూరుతుంది. నా మొదటి ఏడాది ఒక నైట్ షిఫ్టులో తొందరపడి మందంగా వేశాను. మంట నల్లబడింది, ప్రెషర్ పడిపోయింది, మళ్లీ లేవడానికి అరగంట పట్టింది. నదిలో అయితే ఆ అరగంటలో ప్రవాహం ఓడని ఇసుక మేట మీదికి తోసేస్తుంది.

ఓడ మేటకి తగులుకుంటే చిన్న పడవలో లంగరు తీసుకెళ్లి లోతు నీళ్లలో వేసి, తాడు పట్టి లాగుతారు. అప్పుడు చక్రాలు వెనక్కి తిరగాలంటే మీ దగ్గర ఆవిరి సిద్ధంగా ఉండాలి.

నదిలో బాయిలర్ నీళ్లతో వచ్చే ఉప్పు బెడద తగ్గుతుంది కానీ బురద లోపలికొస్తుంది. బ్లోడౌన్, అంటే బాయిలర్‌లోని మురికి నీళ్లు కొంత బయటికి వదలడం, మానకండి.

నాలుగు గంటల డ్యూటీ అయ్యాక గట్టి బిస్కెట్లు, ఉప్పు మాంసం. దిగే ముందు బూడిద పైకి పంపి, గాలి ఎటు పోతోందో చూసి అటువైపే నదిలో వంపించండి. లేకపోతే పొద్దున రాయితో తోమిన డెక్కు మళ్లీ తోమాల్సి వస్తుంది.