కుక్కల పోటీ మీద మాక్యుమెంటరీ తీయాలంటే: మా అనంతపురం అనుభవంతో

ముందుగా ఒకటే మాట, డైలాగులు రాసుకోవద్దండి. మేం రాసుకున్నాం. నలుగురు కూర్చొని రెండు రాత్రులు పంచ్‌లు రాసి, పొద్దున్నే ఉగ్గాని బజ్జి తిని గ్రౌండ్‌కి పోయి తీస్తే ఏమొచ్చిందంటే, అచ్చం కాలేజ్ డే స్కిట్టు. ప్రతి ఒక్కడూ జోక్ చెప్పి కెమెరా వైపు చూసి నవ్వుకోసం ఆగుతాడు. ఆ రోజు తీసిందంతా పక్కన పడేశాం.

మాక్యుమెంటరీ అంటే డాక్యుమెంటరీలా కనిపించే కల్పిత కథ. అందులో ఎవడికీ తను కామెడీ చేస్తున్నానని తెలియకూడదు, తన కుక్క గెలవడం తప్ప లోకంలో ఇంకే పనీ లేనట్టు ఉండాలి, అంత సీరియస్‌గా ఉంటేనే చూసేవాడికి నవ్వొస్తాది. దీనికి పెద్ద బాలశిక్ష 2000లో కుక్కల పోటీ మీద వచ్చిన ఇంగ్లీష్ సినిమా బెస్ట్ ఇన్ షో. దాని డైరెక్టర్ క్రిస్టఫర్ గెస్ట్, నటుడు యూజీన్ లెవీ కలిసి ఏ సీన్‌లో ఏం జరగాలి, ఎవరు ఎలాంటి మనిషి అన్నది రాసుకున్నారు, మాటలు మాత్రం చాలావరకు నటులకే వదిలేశారు. 60 గంటలకు పైగా తీసి గంటన్నరకి కోసినారంట. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఎడిటింగ్ దగ్గర పనికొస్తాది.

కథ కంటే ముందు డాగ్ షో ఎట్లా నడుస్తుందో తెలుసుకోండి, ఎందుకంటే సగం కామెడీ ఆ రూల్స్‌లోనే ఉంది. చాలామంది అనుకున్నట్టు జడ్జి ఈ కుక్క బాగుందా ఆ కుక్క బాగుందా అని చూడడు, ప్రతి జాతికీ ఇట్లా ఉండాలి అని రాసిపెట్టిన ఒక స్టాండర్డ్ ఉంటాది, దానికి ఏది దగ్గరగా ఉందో చూస్తాడు. వీపు తడుముతాడు, పళ్ళు చూస్తాడు, హ్యాండ్లర్‌ని, అంటే కుక్కను పట్టుకొని నడిపించే మనిషిని, దానితో పాటు రింగ్‌లో పరిగెత్తమంటాడు. ముందు ఒక్కో జాతిలో బెస్ట్, తర్వాత ఒకే తరహా జాతుల్ని కలిపిన గ్రూప్‌లో, చివరికి అన్నిట్లో. ఇక్కడ హ్యాండ్లర్ మొహం చూడండి, కుక్కేమో హాయిగా నిలబడి ఉంటాది, టెన్త్ రిజల్ట్స్ వచ్చే రోజు మొహం వేసుకొని నిలబడేది మనిషి.

ఇప్పుడు పాత్రలు. ఒక్కొక్కరికి ఒక పేజీ రాసివ్వండి చాలు: ఏం ఉద్యోగం, ఈ కుక్క ఇంటికెట్లా వచ్చింది, ఎవరి మీద కుళ్ళు, ఇంట్లో చెప్పుకోలేనిది ఏంటి. ఈ చివరిది చాలా ముఖ్యం. మా దాంట్లో ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయనకో రాజపాళయం జాతి కుక్క. కొడుకు ఫోన్ చేసి రెండు నెలలైందని పేజీలో రాశాం, అంతే, ఆ విషయం మాట్లాడమని ఎవరూ చెప్పలేదు. ఇంటర్వ్యూలో ఆ నటుడు కుక్క తిండి గురించి పది నిమిషాలు చెప్పి చెప్పి, ‘దీనికి ఫోన్ చేయడం రాదు గాని, వస్తే రోజూ చేసేది’ అన్నాడు. మేం రాసుంటే ఆ మాట వచ్చేదే కాదు.

ఇంకో కుర్రోడు ఊరకుక్కను తీసుకొచ్చి అదొక అరుదైన జాతని వాదిస్తాడు. ‘పెన్నా టెర్రియర్ అన్నా, పెన్న ఒడ్డునే పుడతాది, ఇంకేడా దొరకదు’. కాగితాలేవని రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర అడిగితే ‘పెన్నలో నీళ్ళే లేవు, కాగితాలు యాడ్నుంచి తెచ్చేది’ అంటాడు. ఆ టేబుల్ దగ్గర కూర్చున్న అక్కకి మేం ఇచ్చిన సూచన ఒకటే, నవ్వొద్దు, ఫారం నింపే పని ఆపొద్దు. ఆమె తల ఎత్తకుండా ‘పెన్నకి ఒక న ఆ రెండా’ అని అడిగింది.

కామెంటేటర్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు, టైమ్ తీసుకొని మంచోడిని పట్టండి. బెస్ట్ ఇన్ షోలో కామెంటేటర్ వేషం వేసిన ఫ్రెడ్ విల్లార్డ్ కుక్కల గురించి ఏమీ తెలియకుండా ఆగకుండా మాట్లాడుతుంటాడు, పక్కనున్న తెలిసినాయన ఓర్చుకుంటుంటాడు. దాన్ని కాపీ కొట్టడం కాదు, మన దగ్గర అట్లా మైకు పట్టుకునేది ఎవరో ఆలోచించండి. మాకు తట్టింది ఎద్దుల బండలాగుడు పోటీల మైకు ఆయన! మా బాబాయి వరస ఒకాయన ఆ కామెంటరీ వింటూ పెరిగినవాడు, ఆయన్ని కూర్చోబెట్టినాం. పామరేనియన్ బుడిబుడి అడుగులేస్తుంటే ఈయన ‘రెండో రౌండు పూర్తి, నిమిషం నలభై సెకన్లు, కేకలెయ్యండప్పా’ అని గొంతు చించుకుంటాడు. అక్కడ ఎడ్లను పళ్ళ లెక్కన విభాగాలు చేస్తారు కదా, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని. జడ్జి లాబ్రడార్ నోరు తెరిచి చూసేసరికి ఈయన ‘ఇది నాలుగు పళ్ళ విభాగమా సార్?’ అన్నాడు. పక్కన ఎక్స్‌పర్ట్‌గా కూర్చున్నాయన ‘పెద్ద కుక్కకు 42 ఉంటాయి’ అంటే, కొంచేపాగి మైకులో ‘అయితే సీనియర్స్ అబ్బా’. కెమెరా పట్టుకున్నోడి చెయ్యి వణికిపోయింది, ఆ షాట్ అట్లనే ఉంచేసినాం, డాక్యుమెంటరీలో చెయ్యి వణకదా ఏంది.

తీసే పద్ధతికి రెండు ఫోన్లు చాలు. ఒకటి కదలకుండా, ఒకటి చేతిలో. ఇంటర్వ్యూలో జవాబు అయిపోగానే కట్ చెప్పకండి, ఐదారు సెకన్లు ఊరికే చూస్తూ ఉండండి, ఆ నిశ్శబ్దం తట్టుకోలేక మనిషి ఇంకో మాట అంటాడు, బంగారం అక్కడే ఉంటాది. సౌండ్‌కి మాత్రం డబ్బులు పెట్టండి, కాలర్ మైకు, దానికి స్పాంజి తొడుగు, ఎందుకంటే మన అనంతపురం గాలి సంగతి తెలిసిందే. మా దాంట్లో భార్యాభర్తల గొడవ సీన్ (కుక్క ఆడుకునే బొమ్మ పోయిందని) మొత్తం గాలి మింగేసింది, ఇప్పటికీ బాధే.

కుక్కల విషయంలో తమాషా వద్దు. ఎండాకాలం అస్సలు పెట్టుకోకండి, మిగతా రోజుల్లో కూడా ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా మూసేయండి. రోడ్డు మీద మీ అరచెయ్యి వెనకవైపు ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదం కూడా అక్కడ పెట్టకూడదు. నీళ్ళు నీడ ఎప్పుడూ ఉండాలి, ఓనర్ పక్కనే ఉండాలి, చాక్లెట్ ద్రాక్ష ఎవరూ పెట్టకుండా చూడాలి, అవి కుక్కలకు విషం. భయపడితే ఆ రోజుకి అంతే, ఇంటికి పంపేయాలి. సెన్సార్‌కి పోయే సినిమా అయితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, అది షూటింగ్‌కి ముందే చూసుకోండి, అయిపోయాక తిరిగితే లాభంలేదు.

ఎడిటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఓపికే. మేం తొమ్మిది గంటలు తీసి పద్నాలుగు నిమిషాలు ఉంచినాం. మీకు బాగా నవ్వొచ్చిన జోకులే ముందు పోతాయి, ఎందుకంటే అవి కథని ఆపేస్తాయి.

ఎవరు గెలవాలో మీరు, జడ్జి వేషం వేసినాయన మాత్రమే తెలుసుకోండి, నటులకు చెప్పకండి. మా దాంట్లో జడ్జి చెయ్యి పామరేనియన్ వైపు చూపించేదాకా ఎవరికీ తెలీదు. మాస్టారు కాసేపు అట్లనే నిలబడి, కుక్క బెల్టు సర్ది, దాని మీద గొడుగు పట్టి తను ఎండలో నడుచుకుంటూ గేటు దాకా పోయినాడు. కట్ చెప్పడం మేమే మర్చిపోయినాం.