ముందు బయటికి దారి చూసుకోండి

పుస్తకాలకు ప్రూఫులు దిద్దడం, చివర సూచికలు తయారు చేయడం నా పని. తొమ్మిదేళ్ల పాటు నా నోట్సంతా ఒకే ప్రోగ్రాములో రాసుకున్నాను. రంగురంగుల చీటీలు, వెతికితే చిటికెలో దొరికే మాటలు, చూడముచ్చటగా ఉండేది. ఒకరోజు ఆ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది, మూడు నెలల్లో సేవ ఆపేస్తున్నామని. ఎగుమతి బటన్ నొక్కితే ఒక ఫైలు దిగింది కానీ, దాన్ని మరే ప్రోగ్రామూ తెరవలేదు. ఒక్కో చీటీని కాపీ చేసి వేరేచోట అతికిస్తూ మూడు వారాలు గడిపాను. అప్పటినుంచి ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, నేను మొదట వెతికేది బయటపడే దారినే.

అయితే దానికంటే ముందు కాగితం మీద చేయాల్సిన పని ఒకటుంది. ‘మంచి వర్డ్ ప్రాసెసర్ కావాలి’ అని రాసుకుంటే ఎటూ తేలదు. నేను ఇలా రాసుకున్నాను: నాలుగు వందల ఫుట్‌నోట్లున్న పుస్తకం తెరవాలి, రచయిత వేరే ప్రోగ్రాములో రాసినా నా దిద్దుబాట్లు ఆయనకు కనిపించాలి, ఇంటర్నెట్ లేకపోయినా పని సాగాలి. అంతే, మూడు. పది రాసుకుంటే వాటిలో ఏడు కోరికలే అయి ఉంటాయి. సంస్థలు ఇచ్చే పోలిక పట్టికలను నేను పెద్దగా పట్టించుకోను. ‘దిద్దుబాట్ల నమోదు’ అన్న వరుసలో అందరికీ టిక్కు ఉంటుంది. రెండు వందల పేజీల దగ్గర అది ఎంత నెమ్మదిస్తుందో ఏ టిక్కూ చెప్పదు.

అందుకే పరీక్షకు మీ దగ్గరున్న ఫైళ్లలో అన్నిటికంటే మొండిదాన్ని తీయండి. ఉచిత గడువు సాధారణంగా ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి, చేతిలో నిజమైన పని ఉన్న వారంలోనే మొదలుపెట్టండి. ఊరికే చూద్దామని ఇన్‌స్టాల్ చేసి మరచిపోయి, నేను రెండు ప్రోగ్రాముల గడువు వృథా చేసుకున్నాను.

తెలుగులో రాసేవాళ్లు తప్పక చేయాల్సిన పరీక్షలు రెండున్నాయి. మొదటిది, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి లాంటి మాటలున్న పేజీని పీడీఎఫ్‌గా మార్చి, అందులోంచి తిరిగి కాపీ చేసి చూడండి. తెర మీద చక్కగా కనిపించిన వాక్యం అతికించేసరికి ముక్కలుముక్కలుగా రావచ్చు. రెండోది వెతకడం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘వ’ కిందికి దిగి ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం. ఒకరు దాన్ని పెట్టి, ఇంకొకరు పెట్టకుండా టైపు చేసి ఉంటే, కొన్ని ప్రోగ్రాములు ఆ రెండింటినీ వేర్వేరు మాటలుగా చూస్తాయి. సూచికలు తయారు చేసే నాలాంటి వాళ్ల కొంప మునిగేది అక్కడే.

ఇక బయటికి దారి. ఫైలును మీరు పరీక్షిస్తున్న ప్రోగ్రాములో సేవ్ చేసి, మరో ప్రోగ్రాములో తెరిచి, నాలుగు మార్పులు చేసి, మళ్లీ మొదటిదానిలోకి తీసుకురండి. ఫుట్‌నోట్ల సంఖ్య లెక్కపెట్టండి. నాలుగు వందల్లో మూడు వందల తొంభై ఎనిమిదే ఉంటే ఆ రెండూ ఎక్కడ పోయాయో మీరే వెతుక్కోవాలి. పదిమందికీ తెలిసిన ఫార్మాట్, అంటే ఫైలును దాచే తీరు, ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఓపెన్‌ఆఫీస్ లాంటి ఉచిత ప్రోగ్రాములు వాడే ఓపెన్‌డాక్యుమెంట్ 2006లో, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ వాడే ఓపెన్ ఎక్స్ఎంఎల్ 2008లో అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి. వేరేవాళ్లు కూడా వాటిని చదివే ప్రోగ్రాములు రాయగలరు. పట్టికలను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా) దించుకుంటే అంకెలు వస్తాయి, సూత్రాలు రావు. ఈ సంగతి తెలియక ఏడాది లెక్కల ఫైలు మళ్లీ కట్టుకున్న స్నేహితురాలు నాకుంది.

ఫార్మాట్‌కు హద్దులు కూడా ఉంటాయి. ఎక్సెల్ పట్టికల పాత రకమైన ఎక్స్ఎల్ఎస్ ఫైలులో 65,536 వరుసలే పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాకపోవడానికి ఆ పాత ఫార్మాటే కారణమని తేలింది. కొత్త ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లో 10,48,576 వరుసలు పడతాయి. మీ పట్టిక ఎంత పెరుగుతుందో ముందే ఊహించుకోండి.

డబ్బు విషయంలో నేను అడిగేది ఒక్కటే: చందా కట్టడం మానేస్తే నా పాత ఫైళ్లు కనీసం చదవడానికైనా తెరుచుకుంటాయా? జవాబు నిబంధనల్లో స్పష్టంగా దొరకకపోతే దాన్ని పక్కన పెట్టేస్తాను. ఉచితమైనవన్నీ మంచివని అనను కానీ, ఓపెన్ సోర్స్‌కు (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌కు) ఒక ధీమా ఉంది. 2010లో ఓపెన్‌ఆఫీస్‌ను నడిపించే తీరు నచ్చక కొందరు విడిపోయి, అదే కోడ్‌తో లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. వాడుకునేవాళ్ల ఫైళ్లకు ఏమీ కాలేదు.

చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో కూడా చూడండి. రెండేళ్లుగా అలికిడి లేదంటే నేను ముట్టుకోను.

ఇంత చూసినా, మీతో కలిసి పనిచేసేవాళ్లంతా ఒకే ప్రోగ్రాము వాడుతుంటే, అది రెండో స్థానంలో ఉన్నా దాన్నే తీసుకోండి. నేనూ అదే చేశాను. నాకు నచ్చినదాన్ని సొంత నోట్సుకు ఉంచుకున్నాను.

మారేటప్పుడు ఒక నెల రెండూ పక్కపక్కన నడపండి. పాతదాన్ని తీసేసే ముందు అందులో ఉన్నదంతా ఎగుమతి చేసి, ఆ ఫైళ్లను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. మీ కంప్యూటర్‌లో పాత ప్రోగ్రాము ఇంకా ఉంటుంది కాబట్టి, అక్కడ తెరుచుకుంటే లెక్కలోకి రాదు.