ఫోటో చూసి ఈగ ప్రజాతి పట్టుకోవడం ఎలా

ప్రజాతి అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపు, దానికి ఒక మెట్టు పైది కుటుంబం. ముందుగా ఒక మాట: రంగు చూసి పేరు చెప్పేయకండి. ఆకుపచ్చగా తళతళలాడే ఈగ కనిపించగానే చాలామంది "లుసీలియా" అనే ప్రజాతి పేరు చెప్పేస్తారు. మన హైదరాబాద్‌లో మాంసం కొట్ల దగ్గర, చెత్తకుండీల దగ్గర ముసిరే పచ్చ ఈగల్లో క్రైసోమయా అనే ఇంకో ప్రజాతివి కూడా బోలెడు.

ఒకే ఫోటోతో పని జరగదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, కుదిరితే రెక్క పూర్తిగా కనిపించేలా ఇంకొకటి తీయండి. పొద్దున్నే చలికి ఈగలు మందకొడిగా ఉంటాయి, అప్పుడైతే దగ్గరికి వెళ్లినా త్వరగా లేవవు, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్‌తో కూడా సరిపడా వివరం వస్తుంది. ఫ్లాష్ వద్దు, మెరిసే ఒంటి మీద వెలుగు పడితే ఉన్న గుర్తులు కూడా పోతాయి.

తర్వాత అది అసలు ఈగేనా అని చూడండి. ఈగకు ఒకటే జత రెక్కలు, మీసాలు చాలావరకు పొట్టివి. పువ్వు మీద గాల్లోనే నిలబడే పసుపు నలుపు చారల పురుగును తేనెటీగ అనుకుంటాం గానీ, మీసాలు పొట్టిగా, కళ్లు తలంతా ఆక్రమించి ఉంటే అది హోవర్ ఫ్లై అయ్యుండొచ్చు. కళ్ల మీద చుక్కలో చారలో ఉండి, రెక్క మధ్యలో ఒక ఈనె (రెక్కలో నరంలా కనిపించే గీత) కిందికి వంగి గుంటలా దిగితే వాటిలో ఎరిస్టాలినస్ అనే ప్రజాతి అని అనుకోవచ్చు.

ఇప్పుడు పచ్చ ఈగల సంగతి. క్రైసోమయా వీపు మీద బిరుసు వెంట్రుకలు తక్కువ, ఉన్నవి కూడా చిన్నవి. లుసీలియా వీపు మీద అవి బలంగా, వరసల్లో నిక్కబొడుచుకుని కనిపిస్తాయి. పొట్ట కట్ల అంచుల్లో ముదురు పట్టీలుంటే క్రైసోమయా వైపు మొగ్గు చూపండి. ఎర్రటి పెద్ద కళ్ల కింద నారింజ రంగు బుగ్గలుంటే ఆ ప్రజాతిలోని క్రైసోమయా మెగాసెఫాలా అనే జాతి అనడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. ఇంకో తిరకాసు ఏంటంటే, మగవాటికి కళ్లు దాదాపు కలిసిపోయి, ఆడవాటికి మధ్యలో ఖాళీ ఉంటుంది, కాబట్టి రెండు ఫోటోలు చూసి రెండు వేరే ఈగలని వాదనకు దిగకండి. హెమిపైరెల్లియా అని లుసీలియాకు కవలలా ఉండేది కూడా మన దేశంలో ఉంది, దాన్ని ఫోటోలో విడదీయడం చాలా కష్టం.

ఇంట్లో తిరిగే బూడిద రంగు వాటికి రెక్క ముఖ్యం. వీపు మీద నాలుగు నల్ల చారలుండి, నాలుగో పొడవాటి ఈనె రెక్క కొస దగ్గర ఒక్కసారిగా విరిగినట్టు పైకి తిరిగితే మస్కా, అంటే మన మామూలు ఈగ ప్రజాతి. అలాగే కనిపిస్తూ ముందుకు సూదిలా పొడుచుకొచ్చిన నోరుంటే స్టొమాక్సిస్, పశువుల కాళ్లు కుట్టేది అదే. వీపు మీద మూడు చారలు, పొట్ట మీద చదరంగం గళ్లు ఉంటే మాంసపు ఈగల కుటుంబం. అక్కడ ఆగిపోవడమే మర్యాద, దానిలోపల జాతి తేలాలంటే మగ ఈగ జననాంగాలు చూడాలి.

మామిడి సీజన్లో పండ్ల మీద వాలే, కందిరీగలా ఉండే ఈగలు బాక్ట్రోసెరా కావచ్చు: వీపు పక్కల పసుపు గీతలు, రెక్క ముందు అంచున ముదురు పట్టీ చూడండి. కాకర, సొర పాదుల దగ్గర దొరికినదానికి వీపు మధ్యలో కూడా పసుపు గీత ఉంటే జ్యుగోడేకస్ అనుకోండి. పాత పుస్తకాల్లో ఇదీ బాక్ట్రోసెరాగానే ఉంటుంది, కంగారు పడకండి.

దోమలూ ఈగల వర్గంలోవే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని చూసింది రెక్కల మీద మచ్చలున్న దోమలో, అదే అనాఫిలిస్. ఆ మచ్చలు, గోడ మీద తోక పైకెత్తి వాలే తీరు, రెండూ ఫోటోలో సులువుగా పడతాయి.

ఇవన్నీ చూశాక కూడా రెండు పేర్ల మధ్య ఊగుతుంటే కుటుంబం పేరు రాసి, తేదీ, చోటు, ఏ మొక్క మీద వాలిందో దానికి జతచేయండి.